వంటింటి దాకా వెళ్ళే స్వతంత్రం

మాఘమాసంలో ఒక పెళ్ళికి వెళ్ళాను. జీలకర్ర బెల్లం అయిపోయి, భోజనాల హడావుడి మొదలైన వేళ. నా ముందు వరసలో ఒకావిడ ఒళ్ళో ఏడాది దాటిన పాప ఉంది. పట్టులంగా, కాళ్ళకి మువ్వలు, బుగ్గన దిష్టిచుక్క. కాసేపటికి పాప ఒళ్ళోంచి జారి, తల్లి చీర కుచ్చిళ్ళు పట్టుకుని నిలబడింది. పదడుగుల దూరంలో, స్తంభం పక్కన, మంచినీళ్ళ స్టీలు గ్లాసులు గోపురంలా పేర్చి ఉన్నాయి. పాప కళ్ళు వాటిమీద పడ్డాయి. కుచ్చిళ్ళు వదిలింది. రెండు తప్పటడుగులు వేసి ఆగి, వెనక్కి తిరిగి చూసింది. తల్లి పక్కావిడతో మాట్లాడుతూనే తలూపింది. మళ్ళీ నాలుగడుగులు. అంతలో డోలు ఒక్కసారిగా గట్టిగా మోగింది. పాప బెదిరిపోయి వచ్చిన దారినే వచ్చి తల్లి మోకాళ్ళలో ముఖం దాచుకుంది. తల్లి వీపు మీద చెయ్యి వేసింది, అంతే. పట్టుమని నిమిషం కాలేదు, పాప ముఖం తీసి మళ్ళీ బయల్దేరింది. ఈసారి వెనక్కి చూడలేదు. చేతికి అందిన గ్లాసు లాగింది. గోపురం కూలి గ్లాసులన్నీ గలగలా దొర్లిపోయాయి. అప్పుడు తిరిగి చూసింది, తల్లి నవ్వుతోందా లేదా అని.

ఈ అధ్యాయమంతా ఆ పదడుగుల గురించే. ఒళ్ళో ఉండాలన్న కోరిక, ఒళ్ళోంచి దిగిపోవాలన్న కోరిక ఒకే మనిషిలో ఎలా కలిసి పెరుగుతాయి? ఒకదాన్ని అణిచి రెండోదాన్ని పెంచాలని చూస్తే ఏమవుతుంది?

చంటిపిల్ల ఏడ్చిన ప్రతిసారీ ఎత్తుకుంటుంటే ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరో ఒకరు అంటారు: చెయ్యి అలవాటు చెయ్యకండమ్మా, ఇక దించనివ్వదు. ఈ భయం మన ఇళ్ళకే పరిమితం కాదు. అమెరికాలో ప్రవర్తనవాదానికి ఆద్యుడైన జాన్ వాట్సన్ 1928లో పిల్లల పెంపకం మీద ఒక పుస్తకం రాశాడు. పిల్లల్ని ముద్దులాడొద్దనీ, ఒళ్ళో కూర్చోబెట్టుకోవద్దనీ, పొద్దున్నే చెయ్యి కలిపి పలకరిస్తే చాలనీ అందులో చెప్పాడు. ముద్దు చేస్తే పిల్లలు ఎప్పటికీ ఎవరో ఒకరిమీద ఆనుకునేవాళ్ళుగానే మిగిలిపోతారని ఆయన లెక్క. ఆయన దృష్టిలో ప్రేమా, సొంతకాళ్ళమీద నిలబడటమూ ఒకే త్రాసులో రెండు తట్టలు. ఒకటి బరువెక్కితే రెండోది తేలిపోవాల్సిందే.

ఆ త్రాసు తప్పుడు త్రాసని తెలియడం ఉగాండా పల్లెల్లో మొదలైంది. 1954లో మేరీ ఎయిన్స్‌వర్త్ అనే మనస్తత్వవేత్త భర్త ఉద్యోగం వెంట కంపాలా చేరారు. అంతకుముందు లండన్‌లో జాన్ బౌల్బీ దగ్గర, తల్లికి దూరమైన పిల్లల మీద జరుగుతున్న పరిశోధనలో పనిచేశారు. కంపాలా చుట్టుపక్కల ఊళ్ళలో 26 ఇళ్ళు, 28 మంది పసిపిల్లలు ఆమె అధ్యయనంలో ఉన్నారు. రెండు వారాలకోసారి ఒక్కో ఇంటికి వెళ్ళి, దుభాషిని పక్కన పెట్టుకుని రెండేసి గంటలు కూర్చునేవారు. పాలు మాన్పించడానికి బిడ్డను కొన్నాళ్ళు బంధువుల ఇంటికి పంపే ఆచారం అక్కడ ఉందని విని, ఆ ఎడబాటు పిల్లల్ని ఏం చేస్తుందో చూద్దామనుకున్నారు. (మనవైపు రొమ్ముకి వేపాకు నూరి రాసే పద్ధతి ఉంది. అమ్మ దగ్గరే ఉంటుంది, పాలే చేదవుతాయి.) తీరా వెళ్ళి చూస్తే ఆ ఆచారం చాలావరకు పోయింది. ఇక కళ్ళెదుట జరుగుతున్నదాన్నే చూస్తూ కూర్చున్నారు.

ఆమె చూసింది నేను పెళ్ళిలో చూసిందే. దోగాడే పిల్ల తల్లి దగ్గర్నుంచి గది మూలకి, గుమ్మం దాకా, వాకిట్లోకి పోతుంది. ఉండుండి తిరిగొచ్చి తల్లిని ముట్టుకుని మళ్ళీ పోతుంది. తల్లి లేచి వెళ్ళిపోతే ఆట అక్కడితో ఆగిపోతుంది. ఇంకో సంగతి కూడా ఆమె కంటపడింది. బిడ్డ గురించి అడిగితే ఏం తింటుంది, దేనికి బెదురుతుంది, ఎలా నిద్రపోతుంది అని చిన్న చిన్న సంగతులు కూడా విడమరిచి చెప్పగల తల్లుల పిల్లలు తక్కువ ఏడ్చేవాళ్ళు, ధైర్యంగా ఎక్కువ దూరం తిరిగేవాళ్ళు. తల్లి ఆ పిల్లలకు పట్టుకుని వేలాడే కొమ్మ కాలేదు, బయల్దేరే గడప అయింది. ఎయిన్స్‌వర్త్ దీన్ని నమ్మకమైన ఆసరా అనే భావనతో వివరించారు. ఆ భావన బీజం టొరంటోలో తనకు పాఠం చెప్పిన విలియం బ్లాట్జ్ దగ్గర దొరికింది, దానికి రక్తమాంసాలు ఉగాండా తల్లులిచ్చారు.

తర్వాత అమెరికాలో బాల్టిమోర్ నగరంలో మరో 26 కుటుంబాలను ఆమె బృందం ఏడాది పొడుగునా గమనించింది. మూడు వారాలకోసారి, వెళ్ళినప్పుడల్లా దాదాపు నాలుగు గంటలు. ఆ వివరాల్లోంచి సిల్వియా బెల్‌తో కలిసి 1972లో ఆమె బయటపెట్టిన ఒక ఫలితం ‘చెయ్యి అలవాటు’ భయానికి సూటి జవాబు. మొదటి నెలల్లో ఏడ్చిన వెంటనే తల్లి పలికిన పిల్లలు, ఏడాది నిండే సరికి తక్కువ ఏడుస్తున్నారు. అంతేకాదు, ఏడుపు కాక వేరే సైగలు, కేకలు నేర్చుకుని తమకేం కావాలో చెబుతున్నారు. ఈ లెక్కలకు తర్వాత గట్టి విమర్శలూ వచ్చాయి, వివాదం చాలాకాలం నడిచింది. అయినా ఎత్తుకుంటే పిల్ల పాడైపోతుందన్న ధీమా మాత్రం మళ్ళీ మునుపటిలా నిలబడలేదు.

ఆమె పేరు అందరికీ తెలిసింది ఒక చిన్న ప్రయోగంతో. పరిశోధనశాలలో బొమ్మలున్న గది. ఏడాది పిల్లవాడు, తల్లి. కొత్త మనిషి వస్తుంది. తల్లి కాసేపు బయటికి పోతుంది, తిరిగొస్తుంది. మొత్తం ఇరవై నిమిషాల పైచిలుకు. తల్లి పోయినప్పుడు ఏడిచాడా లేదా అన్నది ఇందులో అంత ముఖ్యం కాదు. తిరిగొచ్చినప్పుడు ఏం చేశాడన్నదే అసలు. చాలామంది పరుగెత్తుకొచ్చి, ఎత్తించుకుని, ఊరడిల్లి, మళ్ళీ బొమ్మల దగ్గరికి దిగుతారు. కొందరు ఎత్తుకున్నా ఊరడిల్లరు, చంకలో ఉంటూనే తల్లిని తంతారు. ఇంకొందరు తల్లి పోయినా కదలరు, వచ్చినా తలెత్తరు. బొమ్మకారు తోసుకుంటూ ఉంటారు.

ఈ మూడో రకం పిల్లవాడి దగ్గర కాసేపు ఆగాలి. మన ఇంటికి వచ్చిన చుట్టాలు వీణ్ణి చూస్తే మెచ్చుకుంటారు: ఎంత బుద్ధిమంతుడో, అమ్మ కోసం పేచీ పెట్టడు, అమ్మకూచి కాదు! చూపుకి స్వతంత్రుడే. కానీ 1977లో అలన్ స్రూఫ్, ఎవరెట్ వాటర్స్ ఈ పిల్లల గుండె వేగాన్ని కొలిచి చూశారు. పైకి బొమ్మల మీదే ధ్యాస ఉన్నట్టున్న పిల్లల గుండె లోపల దడదడలాడుతూనే ఉంది. 1993లో జర్మనీలో గాట్‌ఫ్రీడ్ ష్పాంగ్లర్, క్లౌస్ గ్రాస్‌మన్ ఉమ్మిలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోనును పరీక్షించారు. ఏడ్చి, ఎత్తించుకుని, ఊరడిల్లిన పిల్లల్లో అది పెరగలేదు. ఏమీ పట్టనట్టున్న పిల్లల్లో పెరిగింది. ఆ వయసుకే వాడు ఒక పాఠం నేర్చేసుకున్నాడు: అడిగితే దొరకదు, కాబట్టి అడగకూడదు. బెంగ పోలేదు. బెంగ చెప్పుకోవడం పోయింది.

మిన్నెసోటాలో 1970ల మధ్యలో మొదలైన దీర్ఘకాల అధ్యయనం ఈ కథను బడి దాకా తీసుకెళ్ళింది. ఎయిన్స్‌వర్త్ చెప్పింది అబద్ధమై వాట్సన్ చెప్పింది నిజమైతే, ఏడాది వయసులో తల్లిని అంటిపెట్టుకున్న పిల్లలు నాలుగేళ్ళకు పంతులమ్మ కొంగు పట్టుకోవాలి. స్రూఫ్ బృందం చూసింది దీనికి తలకిందులు. తల్లి దగ్గర నమ్మకంగా ఊరడిల్లిన పిల్లలే బడిలో సొంతంగా మసిలారు. పంతులమ్మ చుట్టూ తిరిగింది మిగతా రెండు రకాల పిల్లలు. తల్లిని పట్టించుకోనట్టు కనిపించినవాళ్ళు కూడా అందులో ఉన్నారు.

ఇక్కడ తెలుగులో ఒక మాట గుర్తొస్తుంది. మా అమ్మ తన చిన్ననాటి స్నేహితురాలి గురించి చెప్పేటప్పుడు, వాళ్ళింట్లో నాకు బాగా స్వతంత్రం ఉండేదే, అనేది. అంటే గుమ్మంలో నిలబడి పిలవక్కర్లేదు. నేరుగా వంటింట్లోకి వెళ్ళి, ఉట్టిమీద మజ్జిగ దించుకుని తాగొచ్చు. పుస్తకాల్లో స్వతంత్రం అంటే ఎవరిమీదా ఆధారపడకపోవడం. ఇళ్ళలో స్వతంత్రం అంటే ‘నావాళ్ళు’ అనుకునే చోట మొహమాటం లేకపోవడం. చనువు లేని చోట మనిషి స్వతంత్రించి ఏమీ చెయ్యలేడు, నీళ్ళు కూడా అడగడు. ఈ రెండర్థాలనూ ఒకే మాటలో దాచుకున్న భాష మనది. పరిశోధనశాలల్లో గుండె వేగం కొలిచి తెలుసుకున్న సంగతి ఆ మాటలో ముందే ఉందని నాకు గట్టిగా అనిపిస్తుంది.

రెండో ఏడు వచ్చేసరికి కథ కొంచెం ముదురుతుంది. ‘నేనే’ అనే మాట ఇంట్లో మోగడం మొదలవుతుంది. అన్నం నేనే తింటా, చెప్పులు నేనే వేసుకుంటా, లిఫ్టు మీట నేనే నొక్కుతా. పొరపాటున పెద్దవాళ్ళు నొక్కితే లిఫ్టు మళ్ళీ కిందికి తెచ్చేదాకా ఒకటే ఏడుపు. అదే పిల్ల అయిదు నిమిషాల తర్వాత వచ్చి ఎత్తుకోమని చేతులు చాపుతుంది. ఎత్తుకుంటే దించమంటుంది, దించితే ఎత్తుకోమంటుంది. ఇది మొండితనం కాదు. పదిహేను నెలల నుంచి రెండేళ్ళ దాకా ఉండే ఈ దశను మనోవిశ్లేషకురాలు మార్గరెట్ మాలర్ జాగ్రత్తగా వర్ణించారు: తాను వేరని పిల్లకు తెలిసింది, తెలిసినందుకు సంబరమూ భయమూ కలిసి వచ్చాయి. తల్లి ఇక్కడ చెయ్యాల్సింది తేలిక పని కాదు. వెళ్ళేటప్పుడు పట్టుకోకూడదు, వచ్చేటప్పుడు దెప్పకూడదు.

వెళ్ళాలో మానాలో పిల్లలు ఎలా తేల్చుకుంటారో 1985లో జేమ్స్ సోర్స్, రాబర్ట్ ఎమ్డీ తదితరులు ఒక బల్లమీద చూపించారు. పైన దళసరి అద్దం, సగం దూరం తర్వాత అద్దం కింద 30 సెంటీమీటర్ల లోతు కనిపిస్తుంది. అటువైపు తల్లి. ఏడాది పిల్ల దోగాడుతూ అంచుకొచ్చి, సందేహంతో తల్లి ముఖం చూస్తుంది. తల్లి నవ్వుతూ కనిపించినప్పుడు 19 మందిలో 14 మంది దాటారు. భయం నటించినప్పుడు 17 మందిలో ఒక్కరూ దాటలేదు. పెళ్ళిలో పాప వెనక్కి తిరిగి అడిగిన ప్రశ్న ఇదే.

ఇంతవరకు చెప్పినవాళ్ళలో ఎక్కువమంది పడమటి దేశాలవాళ్ళు. వాళ్ళ సిద్ధాంతాల్లో చివరి మెట్టు మీద నిలబడి ఉండేది ఒంటరి మనిషి: పద్దెనిమిదేళ్ళకు ఇల్లు వదిలి, తన గది, తన సంపాదన, తన నిర్ణయం. ఆ లెక్కన పెళ్ళయ్యాక కూడా అమ్మానాన్నలతో ఉండే మన మనుషులందరూ పూర్తిగా ఎదగనివాళ్ళే కావాలి. ఈ చిక్కు విప్పింది టర్కీ దేశపు మనస్తత్వవేత్త చీదెమ్ కాయిట్చిబాషి. 1970లలో తొమ్మిది దేశాల్లో పిల్లల విలువ గురించి జరిగిన అధ్యయనంలో టర్కీ భాగాన్ని ఆమె నడిపారు. పిల్లలు మీకెందుకు కావాలి అని అడిగితే పల్లెల్లో తల్లిదండ్రులు ముసలితనంలో చూస్తారని చెప్పేవారు. పట్నాలకు వలసపోయి, చదువులూ జీతాలూ వచ్చాక, దాదాపు ముప్ఫై ఏళ్ళ తర్వాత మళ్ళీ అడిగితే ఆ జవాబు బాగా తగ్గింది. డబ్బు కోసం పిల్లల మీద ఆధారపడటం తగ్గింది. మనసుల దగ్గరితనం తగ్గలేదు. ఆధునికులైతే అందరూ విడిపోతారన్న జోస్యం ఫలించలేదు.

ఆమె చేసిన మేలు ఇదీ. ఒకే గీత మీద రెండు కొసలనుకున్నవాటిని ఆమె రెండు గీతలుగా విడదీశారు. మొదటి గీత: నా నిర్ణయం ఎవరి చేతిలో ఉంది, నా చేతిలోనా, ఇంకొకరి చేతిలోనా? రెండో గీత: నాకూ నావాళ్ళకూ మధ్య ఎంత దూరం ఉంది? రెండూ వేర్వేరు ప్రశ్నలు. నా నిర్ణయం నాదై ఉండి, నేను మావాళ్ళకు దగ్గరగా ఉండొచ్చు. ఆ మనిషే ఆమె దృష్టిలో పూర్తిగా ఎదిగిన మనిషి. 1980లలో ఇస్తాంబుల్ పేదవాడల్లో తల్లులకు శిక్షణ ఇచ్చినప్పుడు ఆమె బృందం దగ్గరితనం గురించి పాఠాలు చెప్పలేదు, అది వాళ్ళకు ముందే ఉంది. దానికి తోడుగా పిల్లలకు సొంత మాట, సొంత ఎంపిక ఇవ్వడం గురించి చెప్పింది. ఇచ్చినంత మాత్రాన పిల్లలు చెయ్యి జారిపోరని ధైర్యం చెప్పింది.

ఈ రెండు గీతలూ అడ్డంగా నిలువుగా గీస్తే నాలుగు గదులొస్తాయి. దగ్గరితనం ఉండి నిర్ణయం లేని గది మనకు బాగా తెలిసిందే: పెద్దల మాట జవదాటని పిల్లలున్న పాతకాలపు ఇల్లు. నిర్ణయం ఉండి దగ్గరితనం లేని గది సినిమాల్లో చూసిన అమెరికా. రెండూ లేని గది ఎక్కడుంటుంది అని నేను చాలాసార్లు ఆలోచించాను. నాకు మన ఇంటర్మీడియట్ రెసిడెన్షియల్ హాస్టలే కనిపిస్తుంది.

పదో తరగతి ఫలితాలు వచ్చిన వారంలో పిల్లవాణ్ణి ట్రంకుపెట్టె, పరుపుతో సహా దింపేస్తారు. ఎంపీసీయా బైపీసీయా అన్నది వాడి పుట్టినరోజు నాడే తేలిపోయి ఉంటుంది. నిద్ర, తిండి, చదువు, స్నానం అన్నిటికీ గంట కొడతారు. నాకు బాగా దగ్గరివాళ్ళ అబ్బాయి అలాంటి చోట రెండేళ్ళున్నాడు. ఆదివారం ఫోను కోసం వరసలో నిలబడితే వాడి వంతుకి నాలుగు నిమిషాలు దొరికేవి. ఆ నాలుగు నిమిషాల్లో తండ్రి వారం పరీక్షలో ర్యాంకు అడిగేవాడు. తల్లి ఫోను తీసుకుని, తిన్నావా నాన్నా, అనేది. తిన్నానమ్మా, అనేవాడు. ఫోను పెట్టేశాక ఆమె వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు బయటికి వచ్చేది కాదు. వాడు అడగడం మానేసిన పిల్లవాడని మాకెవరికీ అప్పట్లో తట్టలేదు. పైగా హాస్టలుకెళ్ళాక వాడికి ధైర్యం వచ్చింది, ఇంటిమీద బెంగ పోయింది అని చుట్టాలకు చెప్పుకున్నాం. నేనూ చెప్పాను. దగ్గరితనం కోసేసి, నిర్ణయం చేతికివ్వకుండా, ఆ వచ్చినదానికి స్వతంత్రమని పేరు పెట్టాం. పదిహేనేళ్ళ వయసుకి మనం చేస్తున్న ఈ అన్యాయం నాకు మింగుడు పడదు.

ఇంట్లో ఉంచుకున్నంత మాత్రాన సరిపోతుందనీ కాదు. అమెరికన్ పరిశోధకుడు బ్రయాన్ బార్బర్ 1996లో ఒక తేడాను స్పష్టంగా విడదీసి చూపారు. ఎక్కడికెళ్తున్నావ్, ఎప్పుడొస్తావ్ అని అడగడం, హద్దులు పెట్టడం ఒక రకం అదుపు. అది పిల్లలకు మేలే చేస్తుంది. నా మాట వినకపోతే నీతో మాట్లాడను, నీకోసమే నా బతుకంతా ధారపోశాను, నేను పోయాక తెలుస్తుందిలే అని ప్రేమనే తాడుగా పేని కట్టడం ఇంకో రకం. ఈ రెండో అదుపు ఉన్న పిల్లల్లో దిగులు, కుంగుబాటు ఎక్కువ కనిపిస్తాయి. ఆసరా అంటే ఆనుకోవడానికి ఉండేది. కట్టేసుకోవడానికి ఉండేది గుంజ. మనవాళ్ళలో చాలామంది తల్లిదండ్రులు ఆసరా అవుదామనే మొదలుపెట్టి, పిల్లలు తమకు నచ్చని దారి పట్టిన రోజున భయంతో గుంజలవుతారు. ఆ భయం నిజమైనదే, దాన్ని నేను తక్కువ చెయ్యను.

పెద్దయ్యాక ఈ లెక్కలు మారతాయా? పెద్దగా మారవు. 2006లో జేమ్స్ కోన్ బృందం 16 మంది పెళ్ళయిన స్త్రీలను ఎంఆర్ఐ యంత్రంలో పడుకోబెట్టి, చిన్న కరెంటు షాకు తగలొచ్చని హెచ్చరించింది. భర్త చెయ్యి పట్టుకున్నప్పుడు మెదడులో ప్రమాదానికి స్పందించే భాగాల హడావుడి తగ్గింది. కాపురం సఖ్యంగా ఉన్నవాళ్ళలో ఇంకా తగ్గింది. మరుసటి ఏడాది బ్రూక్ ఫీనీ జంటల మీద చేసిన అధ్యయనంలో, ఒకరి అవసరానికి రెండోవారు విసుక్కోకుండా పలికిన జంటల్లో, ఆరు నెలల తర్వాత చూస్తే ఆ మొదటి మనిషే ఎక్కువ సొంతంగా పనులు చక్కబెట్టుకుంటున్నారని తేలింది.

మా ఊళ్ళో డెబ్భై దాటిన ఒకావిడ ఒంటరిగా ఉంటుంది. వరసకి మా అత్తయ్య. కూతురు డల్లాస్‌లో. రమ్మని ఎన్నిసార్లు పిలిచినా, నా ఇల్లు నాకుంది, నా పొయ్యి నాకుంది, అంటుంది. ఊరంతా ఆవిడది మొండి ధైర్యమంటుంది. ఒకరోజు రాత్రి ఏదో పని మీద వాళ్ళింటికి వెళ్ళాను. వంటింట్లో పంచదార డబ్బాకి ఆనించి ఫోను నిలబెట్టి ఉంది. తెరమీద కూతురు. అక్కడ పొద్దున. అత్తయ్య చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. కూతురు అక్కడ పిల్లల లంచ్ బాక్సులు సర్దుతోంది. ఇద్దరూ ఏమీ మాట్లాడుకోవడం లేదు. కాల్ కట్ అయిందేమోనని నేను ఫోను అందుకోబోతే, ఉంచరా, రోజూ గంటసేపు అలా ఉంటుంది, అంది.

డొనాల్డ్ విన్నికాట్ అనే ఇంగ్లిష్ పిల్లల వైద్యుడు 1958లో ఒక చిన్న వ్యాసంలో, మనిషి ఒంటరిగా ఉండటం నేర్చుకునేది తల్లి పక్కన ఉండగానే అని చెప్పాడు. తల్లి అక్కడే ఉంటుంది, ఏమీ అడగదు. బిడ్డ తన ఆటలో తానుంటుంది. అత్తయ్య చిక్కుడుకాయల పళ్ళెం పక్కకి పెట్టి, తెరవైపు చూడకుండానే, చిన్నదానికి పెరుగన్నం పెట్టావా, అంది. పెట్టానమ్మా, అంది కూతురు, వెనక్కి తిరక్కుండానే.